సంకేతము సాక్ష్యమే, తీర్పు కాదు: మోటారు లోప సంకేతముల భాషపై ఒక విమర్శ

ఈనాటి మోటారు కార్లలో డ్రైవరు ముందున్న పలకపై ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని చిన్న దీపము ఒకటి ఉండును. ఇంజనును నడిపించు కంప్యూటరు తాను జరుపు పరీక్షలలో ఏదేని ఒకటి తప్పినదని తలచినపుడు ఆ దీపము వెలుగును. అదే సమయమున కంప్యూటరు ఆ తప్పిన పరీక్షను ఒక అక్షరము, నాలుగు అంకెలు గల గుర్తుగా తన జ్ఞాపకములో వ్రాసికొనును. పి 0118, పి 0171, పి 0420 అనునవి ఇట్టి గుర్తులు. వీనిని లోప సంకేతములు అందము. మెకానిక్కులు కోడులు అందురు. స్టీరింగు క్రింద నుండు సాకెట్టులో చిన్న పరికరమును తగిలించినచో అవి బయటపడును.

కారు పాతబడిన కొలది ఈ దీపము వెలుగుట తరచగును. పికప్పు తగ్గును. ఐడిలింగు నిలకడగా నుండదు. ఇంజను మిస్సు కొట్టును, కూడలి వద్ద ఆగిపోవును. యజమాని కారును షెడ్డునకు తీసికొనిపోవును. అక్కడ కోడు చదివి, ఫలానా సెన్సారు పోయినది, మార్చవలెనందురు. మార్చిన వారము దినములకు దీపము తిరిగి వెలుగును. అంతట మరియొక భాగమును మార్తురు. ఈ విధముగా మంచి భాగములు పాత సామానుల కుప్పలోనికి పోవుటయు, చెడిన భాగము ఇంజనులోనే నిలిచియుండుటయు లోకములో కద్దు.

మరమ్మతు నేర్పుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. లోప సంకేతముల పట్టికను ఒక గ్రంథముగా నెంచి, దాని మాటలు ఏమి చెప్పుచున్నవి, చదువువారు దానినుండి ఏమి గ్రహించుచున్నారు, ఈ రెంటికి నడుమ ఎంత దూరమున్నది అని పరిశీలించుటయే ఇచ్చటి పని. ఉపాధ్యాయులకు ఈ విషయము కొత్త కాదు. ప్రోగ్రెసు రిపోర్టులో లెక్కలకు ఎదురుగా ఎర్రసిరా గీత ఉన్నదనుకొందము. ఆ గీత పిల్లవాడు పరీక్ష తప్పెనని మాత్రమే చెప్పును. ఎక్కములు రావా, నల్లబల్ల కనబడుట లేదా, పరీక్షనాడు జ్వరముతో కూర్చుండెనా అన్నది ఆ గీత చెప్పదు. గీతను చూచి వెంటనే బెత్తమును తీసిన ఉపాధ్యాయుడును, కోడును చూచి వెంటనే సెన్సారును మార్చిన మెకానిక్కును ఒకే పొరపాటు చేయుచున్నారు.

ఈ భాష ఏల పుట్టినది?

ఒక భాష బలము, బలహీనత తెలియవలెనన్న అది ఏ అవసరమునకై పుట్టెనో తెలియవలెను. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును 1940 దశకములో కండ్లు మండించు పొగమంచు కప్పివేయసాగెను. ఎండలో మోటారు పొగలోని హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు చర్య జరుపుకొనుటచే ఈ కాలుష్యము పుట్టుచున్నదని 1950 దశకపు తొలి సంవత్సరములలో కాలిఫోర్నియాలో పనిచేయుచుండిన ఏరీ హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించెను. 1970లో అమెరికా పరిశుభ్ర వాయు చట్టము కఠినమైన హద్దులు విధించెను. 1975 మోడలు కార్లనుండి పొగగొట్టములో ఉత్ప్రేరక పేటికను అమర్చుట విస్తరించెను.

మూడు విధములైన మలినములను ఒకేసారి శుద్ధి చేయగల ఉత్ప్రేరకమునకు ఒక పట్టుదల కలదు. ఒక గ్రాము పెట్రోలునకు సుమారు 14.7 గ్రాముల గాలి చొప్పున కలిసినపుడే అది చక్కగా పనిచేయును. పాత కార్బురేటరు ఇంత ఖచ్చితముగా కలుపజాలదు. అందుచేత పొగలో మిగిలిన ఆమ్లజనిని, అనగా ఆక్సిజనును, కొలుచు సెన్సారును, ఆ కొలతను బట్టి పెట్రోలును సవరించు కంప్యూటరును అవసరమయ్యెను. ఆ సెన్సారులు చెడినచో కారు పైకి బాగుగా నడుచుచునే ఊరి గాలిని పాడుచేయును. కనుక తన పరికరములను తానే పరీక్షించుకొనవలసిన బాధ్యతను కంప్యూటరుపై ఉంచిరి. కాలిఫోర్నియా 1988 మోడలునుండి మొదటి తరము స్వయంపరీక్షా విధానమును, అమెరికా దేశమంతయు 1996 మోడలునుండి ఓ.బి.డి.-2 అను రెండవ తరమును నిర్బంధము చేసెను. మన దేశములో కార్లకు మొదటి దశ 2010 ఏప్రిల్ నుండియు, రెండవ దశ 2013 ఏప్రిల్ నుండియు అమలులోనికి వచ్చెను.

పాఠకులు ఒక సంగతిని గుర్తుంచుకొనవలెను. ఈ భాష గాలిని కాపాడుటకు పుట్టెను. డ్రైవరు సౌఖ్యము దాని ప్రధాన లక్ష్యము కాదు. పొగలోని మలినములు అనుమతించిన హద్దునకు ఒకటిన్నర రెట్లు మించగల లోపము ఏర్పడినచో దీపము వెలుగవలెనన్నది అమెరికా నిబంధనలలోని ముఖ్య సూత్రము. మిగిలిన చిక్కులలో అనేకము ఈ పుట్టుకనుండియే వచ్చినవి.

పట్టికలోని మంచి

విమర్శకుడు ముందు గుణమును చెప్పుట న్యాయము. 1996కు పూర్వము ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క లిపి యుండెను. జనరల్ మోటార్స్ వారి అనేక కార్లలో సాకెట్టులోని రెండు రంధ్రములను తీగతో కలిపి, దీపము ఎన్నిసార్లు మిణుకుమనెనో లెక్కించి కోడును తెలిసికొనవలసియుండెను. ఒక మిణుకు, విరామము, రెండు మిణుకులు అయినచో 12 అని అర్థము. వేరొక కంపెనీ కారునకు ఈ విద్య పనికిరాదు.

ఓ.బి.డి.-2 ఈ గందరగోళమును తొలగించెను. మొదటి అక్షరము పి అయినచో ఇంజను, గేరుపెట్టెలకు సంబంధించినది. రెండవ స్థానమున సున్న ఉన్నచో అన్ని కంపెనీలకు ఉమ్మడి అర్థము, 1 ఉన్నచో ఆ కంపెనీ సొంత అర్థము. మూడవ స్థానము విభాగమును తెలుపును: 1 గాలి-ఇంధనముల కొలత, 3 నిప్పురవ్వ-మిస్సింగు, 4 పొగశుద్ధి సామగ్రి. చివరి రెండంకెలు తప్పిన పరీక్షను తెలుపును. అంతేకాక, లోపము తోచిన క్షణమున ఇంజను వేగమెంత, వేడిమి ఎంత, బరువెంత అను వివరములను కూడ కంప్యూటరు ఒక చిత్రమువలె నిలిపియుంచును. ఒక్కసారి తోచిన అనుమానమునకే దీపమును వెలిగింపక, పెక్కు పరీక్షల విషయములో వరుసగా రెండు ప్రయాణములలో తప్పినపుడే వెలిగించును. ఇది శాస్త్రీయమైన ఓర్పు.

ఇంత చక్కని ఏర్పాటు ఉండియు పొరపాట్లు ఏల జరుగుచున్నవి? మాటలను మాటలుగా చదువకపోవుటవలన.

ఒక మాటను చదువుట: పి 0118

ఇంజను చుట్టు తిరుగు నీటి వేడిమిని కొలుచుటకు థర్మిస్టరు అను సెన్సారు ఉండును. వేడి పెరిగిన కొలది దీని విద్యున్నిరోధము తగ్గును. జనరల్ మోటార్స్ వారు విరివిగా వాడిన ఒక రకమునకు 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 3,500 ఓములు, 100 డిగ్రీల వద్ద సుమారు 180 ఓములు ఉండును. కంప్యూటరు తనలోని స్థిరనిరోధము ద్వారా 5 వోల్టులను పంపి, రెండు నిరోధముల నడుమ మిగిలిన వోల్టేజిని చూచును. చల్లగా నున్నపుడు వోల్టేజి హెచ్చు, వేడిగా నున్నపుడు తక్కువ.

పి 0118 అను సంకేతమునకు పట్టికలో ఉన్న అర్థము: నీటి వేడిమి సర్క్యూటులో వోల్టేజి హెచ్చుగా నున్నది. ఇందులో సెన్సారు చెడినదన్న మాట ఎక్కడ నున్నది? సర్క్యూటు అనగా సెన్సారు, రెండు తీగలు, కనెక్టరు, కంప్యూటరు లోపలి భాగము అన్నియు కలిసి. ఎలుక తీగను కొరికినను, కనెక్టరు ఊడినను నిరోధము అనంతమై వోల్టేజి 5కు చేరును. అప్పుడు రోళ్ళు పగులు రోహిణీ కార్తెలో సయితము కంప్యూటరునకు ఇంజను సున్నకు 40 డిగ్రీలు దిగువన గడ్డకట్టియున్నట్లు కనబడును. అది అసంభవమని యెంచి సంకేతమును వ్రాయును.

సెన్సారును కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష హైస్కూలు విద్యార్థికి కూడ అర్థమగును. కనెక్టరును ఊడదీసి, దాని రెండు కొనలను చిన్న తీగతో కలుపవలెను. నిరోధము సున్న యగుటచే కంప్యూటరు ఇప్పుడు మిక్కిలి వేడి అని చూపవలెను. అట్లు చూపినచో తీగలు, కంప్యూటరు మంచివి. సెన్సారుపై అనుమానము న్యాయము. చూపనిచో ఎన్ని కొత్త సెన్సారులు వేసినను ఫలితముండదు. అర అడుగు తీగతో, ఖర్చు లేకుండ, పొలమును రెండు భాగములు చేసి దొంగ ఏ భాగములో నున్నాడో తెలిసికొనుటయే ఇది.

మాట ఎక్కువ చెప్పినపుడు: పి 0171

అన్ని సందర్భములలోను దోషము చదువరిదే అనుట సరికాదు. పట్టిక మాటలలో కొన్ని తాము చూచినదానికంటె ఎక్కువ చెప్పుచున్నవి. పి 0171 అర్థము: ఒకటవ వరుస సిలిండర్లలో మిశ్రమము మిక్కిలి పల్చన, అనగా గాలి ఎక్కువై పెట్రోలు చాలకున్నది.

ఈ మాటకు ఆధారమేమి? పొగగొట్టములోని ఆమ్లజని సెన్సారు. పొగలో ఆమ్లజని తక్కువగా నున్నపుడు అది సుమారు 0.8 లేక 0.9 వోల్టు ఇచ్చును; ఎక్కువగా నున్నపుడు 0.1 లేక 0.2 వోల్టు ఇచ్చును. అది పెట్రోలును చూడలేదు, ఆమ్లజనిని మాత్రమే చూచును. ఇప్పుడు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక స్పార్కు ప్లగ్గు పనిచేయుట లేదనుకొందము. ఆ సిలిండరులోని పెట్రోలు మండదు, గాలిలోని ఆమ్లజని ఖర్చు కాదు. రెండును పొగగొట్టములోనికి పోవును. సెన్సారు ఆ ఆమ్లజనిని చూచి మిశ్రమము పల్చన అనును. కంప్యూటరు దానిని నమ్మి ఆ వరుస సిలిండర్లన్నింటికి పెట్రోలు పెంచును. పెట్రోలు తక్కువై కాదు, నిప్పురవ్వ లేక మండకపోయిన ఇంజనునకు మరింత పెట్రోలు పోయుట యన్నమాట. సెన్సారునకు ముందున్న పొగగొట్టములో చిన్న పగులున్నను బయటి గాలి లోనికి పీల్చబడి ఇదే భ్రమ కలుగును.

ఇందులో ఒక విశేషము గమనింపదగినది. జనరల్ మోటార్స్ వారి పాత పద్ధతిలో ఇటువంటి సందర్భమునకు 44 అను కోడు ఉండెను. దాని వివరణలో పొగ పల్చనగా సూచింపబడుచున్నది అను అర్థము గల మాటలుండెను. సూచింపబడుచున్నది అను మాటలో జాగ్రత్త ఉన్నది. అది సెన్సారు చూపుచున్నదానిని చెప్పి ఊరకున్నది. కొత్త పట్టిక ఆ మాటను విడిచి, వ్యవస్థయే పల్చనగా నున్నదని తేల్చివేసెను. సాంకేతికముగా ముందడుగు వేసిన పట్టిక భాషా విషయములో ఇచ్చట ఒక అడుగు వెనుకకు వేసినదని నా అభిప్రాయము. ప్రయోగశాల నోటుబుక్కులో ఎర్ర లిట్మసు నీలముగా మారెను అని వ్రాయవలసిన చోట సీసాలో సోడియం హైడ్రాక్సైడు ఉన్నది అని వ్రాసిన విద్యార్థికి మార్కు తగ్గింతుము. పరిశీలన వేరు, అనుమితి వేరు.

వేరుపరచు పరీక్ష

పల్చన అను సూచనకు కారణములు అనేకము: ఇంజను గాలిగొట్టములో లీకు, గాలిని కొలుచు సెన్సారుపై దుమ్ము, బలహీనమైన పెట్రోలు పంపు, పూడిన ఫిల్టరు, పొగగొట్టములో పగులు, మిస్సింగు. వీనిని ఎట్లు వేరుపరచవలెను? కంప్యూటరే అందుకు సాయపడును. మామూలు లెక్కకంటె ఎంత శాతము పెట్రోలు ఎక్కువ పోయుచున్నదో అది చూపును. దీనిని ఇంధన సవరణ అందము.

గాలిని కొలుచు సెన్సారు గల ఇంజను ఐడిలింగులో సెకనుకు 3 గ్రాముల గాలిని పీల్చుచున్నదనుకొందము. సెన్సారు దాటిన తరువాత ఒక రబ్బరు గొట్టము చీలి, లెక్కకు రాని గాలి 0.6 గ్రాము లోనికి పోవుచున్నది. లోటు 20 శాతము. కంప్యూటరు అంత మేరకు పెట్రోలు పెంచవలెను. ఇంజనును నిమిషమునకు 2,500 చుట్లకు పెంచి నిలిపినపుడు అది 12 గ్రాములు పీల్చుచున్నదనుకొందము. చీలిక పెరుగలేదు, లోపలి పీల్పు దాదాపు అంతే. కనుక దొంగగాలి అదే 0.6 గ్రాము. ఇప్పుడు లోటు 5 శాతము మాత్రమే. వేగము పెంచినపుడు సవరణ తగ్గినచో గాలి లీకును అనుమానింపవలెను. అట్లుగాక ఐడిలింగులో సరిగా నుండి, బరువుతో ఎత్తు ఎక్కునపుడు సవరణ పెరిగినచో పెట్రోలు చాలినంత అందుట లేదని గాని, గాలిని కొలుచు సెన్సారు తక్కువ చూపుచున్నదని గాని అనుమానింపవలెను. పెట్రోలు పీడనమును గేజితో కొలిచినచో ఈ రెండును వేరుపడును.

మిస్సింగునకు ఇంతకంటె తేలికైన పరీక్ష కలదు. మూడవ సిలిండరు మిస్సు కొట్టుచున్నదని పి 0303 వచ్చినదనుకొందము. సిలిండరునకొక ఇగ్నిషను కాయిలు గల కారులో మూడవదాని కాయిలును ఒకటవదానికి, ఒకటవదానిని మూడవదానికి మార్చవలెను. వేరేమియు ముట్టరాదు. తరువాత పి 0301 వచ్చినచో దోషము కాయిలుతో పాటు నడిచెను, కాయిలే నేరస్థుడు. పి 0303 కదలనిచో కాయిలు నిర్దోషి. ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషను అను వానిని ఒకదాని తరువాత ఒకటి చూడవలెను. ఒక్కసారి ఒక్క అంశమునే మార్చి మిగిలినవి స్థిరముగా నుంచుట ప్రయోగ పద్ధతికి మూలసూత్రము. షెడ్డులో కాయిలు, ప్లగ్గు, ఇంజెక్టరు మూడింటిని ఒకేసారి మార్చినచో కారు బాగుపడవచ్చును గాని, ఏది చెడెనో ఎవరికిని తెలియదు. తెలిసిన విద్య ఏమియు మిగులదు, బిల్లు మాత్రము మిగులును.

ఫలితమును కారణమనుకొనుట: పి 0420

ఉత్ప్రేరక వ్యవస్థ సామర్థ్యము హద్దునకు తక్కువగా నున్నది అన్నది ఈ సంకేతము అర్థము. ఉత్ప్రేరక పేటికలో ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహములుండును, ధర ఎక్కువ. కావున ఈ ఒక్క సంకేతమును తప్పుగా చదివినచో కలుగు నష్టము పెద్దది.

కంప్యూటరు ఈ సామర్థ్యమును నేరుగా కొలువదు. పేటికకు ముందొకటి, వెనుకొకటి ఆమ్లజని సెన్సారులుండును. ముందుది పల్చన, చిక్కనల మధ్య నిరంతరము ఊగును. మంచి పేటిక ఆమ్లజనిని దాచుకొనుచు విడుచుచు నుండుటచే వెనుకటి సెన్సారు దాదాపు నిలకడగా నుండును. వెనుకటిది కూడ ముందుదానివలె ఊగినచో పేటికకు దాచుకొను శక్తి తగ్గెనని కంప్యూటరు ఊహించును. ఇది తెలివిగల ఊహయే. కాని పొగగొట్టములో లీకు ఉన్నను, సెన్సారు చెడినను ఊహ తప్పవచ్చును. పట్టిక ఇచ్చట వ్యవస్థ అను మాట వాడినది. పేటిక అని మాత్రమే అనలేదు. ఈ జాగ్రత్తను మెచ్చుకొనవలెను.

పేటిక నిజముగానే చెడినదనుకొందము. అప్పుడును ప్రశ్న తీరలేదు. అది ఏల చెడినది? మిస్సు కొట్టు సిలిండరునుండి వచ్చిన పచ్చి పెట్రోలు అందులో మండి దానిని కాల్చియుండవచ్చును. అరిగిన ఇంజను నూనెను త్రాగుచుండగా ఆ నూనెలోని పదార్థములు ఉత్ప్రేరకముపై పేరుకొనియుండవచ్చును. మూలమును సరిచేయక కొత్త పేటికను బిగించినచో కొంతకాలమునకు అదియును పాతదాని దారినే పోవును. ఇంజను దీపము వెలుగుచు ఆరుచు మిణుకుమన్నచో, ఉత్ప్రేరకమును కాల్చివేయగల తీవ్రమైన మిస్సింగు జరుగుచున్నదని అర్థము. అప్పుడు వేగము తగ్గించి త్వరగా కారును చూపించుట మంచిది.

పట్టిక మౌనము

సంకేతము లేనంత మాత్రమున ఇంజను ఆరోగ్యముగా నున్నదనుట రెండవ పెద్ద పొరపాటు. థర్మిస్టరునే మరల తీసికొందము. కనెక్టరులో తుప్పు పట్టి 1,000 ఓముల అదనపు నిరోధము చేరినదనుకొందము. ఇంజను 100 డిగ్రీల వద్ద నున్నపుడు సెన్సారు 180 ఓములు, తుప్పు 1,000 ఓములు, వెరసి 1,180 ఓములు. ఆ రకపు సెన్సారు పట్టికలో ఇది సుమారు 45 డిగ్రీలకు సరిపోవును. 45 డిగ్రీలు అసంభవమైన సంఖ్య కాదు. 1996కు పూర్వపు కార్లలో చాలవరకు కంప్యూటరు రెండు కొసలనే చూచెడిది: మరీ హెచ్చా, మరీ తగ్గా అని. నడుమ చెప్పు అబద్ధమును నమ్మెడిది. ఫలితముగా దీపము వెలుగదు. కాని ఇంజను ఇంకను వేడెక్కలేదని తలచి పెట్రోలు ఎక్కువ పోయును, మైలేజి పడిపోవును. రేడియేటరు పంకాను కంప్యూటరే నడుపు కారులో పంకా సమయమునకు తిరుగక ఇంజను పొంగిపోవచ్చును. ఓ.బి.డి.-2 కార్లలో విలువ సబబుగా నున్నదా అను పరీక్షలను కూడ చేర్చిరి. పి 0116 అట్టిది. అయినను నమ్మదగిన అబద్ధము అన్నివేళల పట్టుబడదు.

మరియొక ఉదాహరణము. ఆక్సిలరేటరును పూర్తిగా త్రొక్కినపుడు పాత కార్లలో పెక్కింటి కంప్యూటరు ఆమ్లజని సెన్సారు మాట వినుట మానివేసి, ముందే వ్రాసియున్న లెక్క ప్రకారము చిక్కని మిశ్రమమును ఇచ్చును. అలసిన పెట్రోలు పంపు ఆ క్షణముననే చతికిలబడును. ఘాటు రోడ్డుపై కారు ఎక్కదు, కోడు మాత్రము రాకపోవచ్చును. జారు క్లచ్చి, పట్టుకొనిపోయిన బ్రేకు, కొంత తగ్గిన కంప్రెషను, పూడుకొనిపోయిన సైలెన్సరు ఇవియు ఇట్టివే. వీనికి పాత గేజులే శరణ్యము. సముద్రమట్టమున మంచి పెట్రోలు ఇంజను ఐడిలింగులో వాక్యూం గేజి 17 నుండి 21 అంగుళముల పాదరసము వద్ద నిలకడగా నుండును. ఇంజనును 2,500 చుట్ల వద్ద నిలిపియుంచినపుడు ముల్లు మెల్లమెల్లగా దిగజారినచో పొగకు దారి లేదని అనుమానింపవలెను. ఇది కంప్యూటరు పుట్టకముందునుండి ఉన్న విద్య. నేటికిని దాని విలువ తగ్గలేదు.

సాక్ష్యమును చెరిపివేయుట

పరికరములో ఒక మీటను నొక్కినచో సంకేతము చెరిగిపోవును, దీపము ఆరును. కొందరు దీనినే మరమ్మతు అనుకొనుచున్నారు. చెరిపినపుడు లోపము తోచిన క్షణపు చిత్రము కూడ చెరుగును. పూర్తి అయిన స్వయంపరీక్షల ఫలితములు కూడ చెరుగును. అవి తిరిగి పూర్తి అగుటకు కారు పలువిధములుగా నడువవలెను. నిజముగా లోపము తొలగినచో కంప్యూటరు వరుసగా మూడు ప్రయాణములలో ఆ పరీక్ష నెగ్గిన పిమ్మట తానే దీపమును ఆర్పును. కనుక ముందు సంకేతములన్నియు, ఆ క్షణపు వివరములన్నియు కాగితముపై వ్రాసికొని, పిదపనే చేయి పెట్టవలెను.

తప్పు ఎవరిది?

మొదటి పాలు పట్టిక వ్రాసినవారికి చెందును: పి 0171 వంటి చోట్ల పరిశీలనను నిర్ణయముగా వ్రాసిరి. రెండవ పాలు, సంకేతము ఎదుట భాగము పేరును, ధరను చూపు పరికరములకును ఫోను యాపులకును చెందును: పట్టికలో లేని మాటను ఇవి చేర్చుచున్నవి. మూడవ పాలు మన అలవాటుది. మార్చిన భాగమునకు బిల్లు వ్రాయవచ్చును. గంటసేపు పరీక్షించి భాగము మంచిదని తేల్చినందుకు డబ్బిచ్చుటకు యజమానికి మనసు రాదు. ఆలోచనకు వెల కట్టని చోట ఆలోచింపని మెకానిక్కును తప్పుపట్టి ప్రయోజనము లేదు. పరీక్షించినందుకు వేతనము నిచ్చు యజమానికి తుదకు ఖర్చు తగ్గుటయే ఎక్కువ.

అయినను ఈ విధానమును నిరాకరింపవలెనని నేను అనను. పొగ కంటికి కనబడని లోపమును పట్టి చూపగల సాధనము అంతకు ముందు సామాన్యుని చేతిలో లేదు. సంకేతము ఎక్కడ వెదుకవలెనో చెప్పును. ఏమి దొరకునో చెప్పదు. ఆ రెంటికి నడుమ ఉన్న పని మనిషిది.

ఉపాధ్యాయులు భౌతికశాస్త్రపు తరగతిలో ఒక థర్మిస్టరు, ఒక నిరోధము, 5 వోల్టుల సప్లయి, ఒక వోల్టుమీటరు తెచ్చి ఈ సర్క్యూటును బల్లపై కట్టవచ్చును. థర్మిస్టరును వేడినీటిలో ముంచి వోల్టేజిని చూపి, తరువాత విద్యార్థులకు తెలియకుండ తీగలో 1,000 ఓముల నిరోధమును చేర్చి, నీటి వేడిమి ఎంత అని అడుగవలెను. కొందరు మీటరును చూచి సంఖ్య చెప్పుదురు. ఒకరిద్దరు నీటిలో ఉష్ణమాపకమును కూడ ఉంచి చూడవలెనందురు. ఆ ఒకరిద్దరు మీటరు చెప్పినదానికిని, ఉన్నదానికిని తేడా ఉండవచ్చునని గ్రహించినవారు. పాత కారునకు కావలసినది అట్టివారి చేయి.